ఆపదకు దాచిన బలము

వరంగల్లునుండి ములుగు మీదుగా మేడారమునకు పోవు త్రోవ సుమారు 100 కిలోమీటర్లుండును. ఆ త్రోవకు కొంత ప్రక్కగా పాలంపేటయొద్ద రామప్ప దేవాలయమును, దాని చెఱువును కలవు. త్రోవ ముగియుచోట జంపన్నవాగు పాఱుచుండును. ఆలయమును 1213వ సంవత్సరమున కట్టించిన రేచర్ల రుద్రుడు కాకతీయ రాజ్యమునకు ఆపద వచ్చినపుడు తన భుజమానించి నిలిపిన సామంతుడు. వాగునకు పేరైన జంపన్న, జనులు చెప్పుకొను కథ ననుసరించి, ఆ రాజ్యపు సేనతోనే పోరి నీట మునిగిన సామంతపుత్రుడు. నే నా త్రోవను పోయినప్పుడెల్ల నా మనస్సున నొక ప్రశ్న మెదలుచుండును. రాజ్యమునకు ఒకనాడు అండయైన సామంతబలము మఱియొకనాడు దానికే ఎదురుబల మెట్లయ్యెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేటి నా ప్రసంగము.

రాజ్యములకు సేనలు రెండు తెఱగులుగా నుండును. దినదినము జీతము తిని, దినదినము కత్తిపట్టి నిలుచునది యొకటి. తన పొలమున తాను దున్నుకొనుచు, తన పని తాను చేసికొనుచు, పిలుపు వచ్చినపుడు మాత్రము ఆయుధము నందుకొని వచ్చునది రెండవది. ఈ రెండవదానిని నేడు రిజర్వు సేన యని వాడుకగా ననుచున్నారు. నే నిచ్చట దానిని ఆపద్బల మని పిలిచెదను. మన పల్లెటిండ్లలో గాదెయు పాతరయు నుండెడివి గదా! గాదెలోని గింజ దినవెచ్చమునకు, పాతరలోని గింజ కఱవునకు. నిలుకడ సేన రాజ్యమునకు గాదె వంటిది. ఆపద్బలము పాతర వంటిది. పాతరను త్రవ్వి నింపుట యొక్కటే చాలదు. దానికి తడి తగులకుండ, పురుగు పట్టకుండ కాచుకొనవలెను. లేనిచో కఱవునాడు మూత తీసినవానికి గింజ దొరకదు సరికదా, లోపలి ఆవిరికి ప్రాణమే పోవచ్చును.

మన పూర్వులు ఈ విషయమును బాగుగా నెఱుగుదురు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున తొమ్మిదవ అధికరణమునందు బలము లాఱు విధములని చెప్పినాడు. తరతరములుగా రాజును నమ్మి వచ్చునది మౌలబలము. జీతమునకు కుదిరినది భృతబలము. వృత్తిసంఘములవారు కూర్చునది శ్రేణిబలము. మిత్రుడు పంపునది మిత్రబలము. లోబడిన శత్రువునుండి వచ్చినది అమిత్రబలము. అడవిజాతులవారిది ఆటవికబలము. వీనిలో ముందుచెప్పినది వెనుకచెప్పినదానికంటె మేలని యాతని లెక్క. కావున ఆటవికులకు కట్టకడపటి పీట వేసినాడు. వారు కొల్లకొఱకే వత్తురనియు, కొల్ల దొరకనినాడును, రాజు కష్టమున నున్ననాడును వారివలన పాముభయము వంటి భయము కలుగుననియు హెచ్చరించినాడు. ఇది నగరమున కూర్చుండి అడవిని చూచినవాని మాట. అడవిలో నిలుచుండి నగరమును చూచినవారు ఏమనుకొనిరో ఆ గ్రంథమున లేదు. ఆ మాట వినవలెనన్నచో మేడారమునకే పోవలెను. అచ్చటికి పోవుటకు ముందు ఓరుగంటి సేన యెట్టిదో కొంత తెలిసికొందము.

కాకతీయులు మొదట తమకు లోబడిన సామంతవంశముల బలముమీద ఆధారపడిరి. మహాదేవరాజు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మడిసి, గణపతిదేవుడు వారికి చిక్కియున్న కాలమున రాజ్యము చెదరిపోకుండ కాచినవాడు రేచర్ల రుద్రుడు. 1199లో గణపతిదేవుడు సింహాసన మెక్కి అఱువదియేండ్లకు పైబడి యేలినాడనగా, దాని పునాదిలో ఈ సామంతుని నమ్మిక కలదు. ఇది సామంతబలము మంచిముఖము. దానికి రెండవ ముఖము రుద్రమదేవి కాలమున కనబడినది. కాయస్థ వంశమువారు కాకతీయులు పెంచిన సేనానులే. ఆ వంశపు అంబదేవుడు బలము కూర్చుకొని రాణికే ఎదురుతిరిగెను. 1289 నాటి చందుపట్ల శాసనము రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జుననాయకుడును మరణించిన వార్తను మనకు తెలుపుచున్నది. ఆ పోరు అంబదేవునితోడిదేయని చరిత్రకారు లూహించినారు. తండ్రి పాలు పోసి పెంచిన వంశమే కూతురిని కాటువేసినదని దీనిని చెప్పుట తేలిక. కాని లోపము మనుష్యులయందు మాత్రమే కాక ఏర్పాటునందును కలదు. సామంతుని భూమి వంశపారంపర్యము, సేన వంశపారంపర్యము. రాజునకు వానిమీద గల పట్టు మాటపట్టు మాత్రమే.

ఈ లోపమును సవరించుటకై పుట్టినది నాయంకరము. రుద్రమదేవి మొదలిడగా ప్రతాపరుద్రుడు దానిని విరివిచేసెనని చరిత్రకారుల మతము. దీని పద్ధతి యిట్టిది. రాజు ఒక నాయకునకు కొన్ని గ్రామములను నాయంకరస్థలముగా నిచ్చును. ఆ గ్రామముల రాబడితో నాయకుడు నిర్ణయమైన లెక్కకు కాల్బలమును, గుఱ్ఱములను, ఏనుగులను పోషించి, పిలిచినపుడు తెచ్చి నిలుపవలెను. భూమి నాయకుని సొత్తు కాదు. రాజు తలచినచో తీసికొనవచ్చును, వేఱొకచోటికి మార్చవచ్చును. నాయకులను ఎన్నుకొనుటయందును వంశముకంటె సేవకు విలువ హెచ్చయ్యెను. పెద్ద వంశముల పేరు చెప్పుకొనలేని సామాన్యులు పలువురు కత్తిపనిచే పైకివచ్చి శాసనములకెక్కిరి. ఓరుగంటికోట బురుజు లొక్కొక్కటి ఒక్కొక్క నాయకుని కావలిలో నుండెననియు, అట్టి నాయకులు 77 మంది యనియు ప్రతాపరుద్రచరిత్రము చెప్పుచున్నది.

ఈ యేర్పాటున నాకు ముఖ్యముగా తోచినది దాని పొదుపు. ఏనుగులను గుఱ్ఱములను ఓరుగంటిలో నుంచి బొక్కసమునుండి మేపవలెనన్నచో ఏ బొక్కసమును చాలదు. అందులకే సేనను నేలమీద చల్లిరి. అది చల్లినచోటనే తినును, అచ్చటనే పెరుగును. నేల పండినంతకాలము సేన పండును. నాయకునకు తన స్థలమున చెఱువు నిండవలెనన్న ఆతురము సహజముగా కలుగును. చెఱువు నిండనిచో వాని లెక్క తప్పును. తెలంగాణమున కాకతీయుల కాలపు చెఱువు లిన్ని యుండుటకు భక్తియు పుణ్యాపేక్షయు కారణములని శాసనములు చెప్పును. ఆ పుణ్యముతోపాటు సేనకు కూడును అందుండియే లభించెను. పూర్వకాలపు దండయాత్రలు మార్గశిరమాసమున బయలుదేరుటకు కూడ ఇదియే కారణము. అప్పటికి వానలు వెలసి త్రోవలు ఆఱును, పంట చేతికందును, కాపువాడు కొడవలి దించి కత్తి యెత్తుటకు తీరిక దొరకును.

పద్ధతి బాగుగా నడచినంతకాలము బాగుగనే నడచినది. 1291లో ప్రతాపరుద్రుడు అంబదేవుని అణచెను. 1316 ప్రాంతమున ముప్పిడినాయకుడు సేనతో కంచి వఱకు పోయి అచ్చట కాకతీయుల జెండా నిలిపెను. ఒకని నిలుకడ సేనతో గాక, పలువురు నాయకుల కూడికతో ఇంత దూరము పోగలుగుట సామాన్యము కాదు.

ఇక దీని బలహీనత చెప్పవలెను. ఆపద్బలము పంటమీద బ్రతుకును. వాన తప్పినచో రాజు కేమగును? సేనకు కూడు తగ్గును; తగ్గినదానిని పూరించుటకు కప్పము గట్టిగా అడుగవలెను; కప్పమిచ్చువానికి ఆ వానయే తప్పియుండును. దీనికి తోడు పైనుండి మఱియొక బరువు వచ్చిపడినది. 1309వ సంవత్సరాంతమున బయలుదేరిన మాలిక్ కాఫూరు 1310లో ఓరుగంటిని ముట్టడించి, ప్రతాపరుద్రునిచేత ఏనుగులను, గుఱ్ఱములను, ధనమును ఇప్పించుకొని, ఏటేట కప్పము పంపునట్లు ఒడంబరచుకొని పోయెను. కప్పము ఆగినపుడు 1318లో ఖుస్రూఖాను వచ్చి మరల రాబట్టుకొనెను. ఢిల్లీ అడిగినది ఓరుగంటిని. ఓరుగల్లు అడుగవలసినది తన క్రిందివారిని. ఈ గొలుసునకు చివరి కొనయందు అడవి యున్నది.

ఇప్పుడు మేడారమునకు వత్తము. నేను చెప్పబోవునది శాసనము కాదు, జనశ్రుతి. కాని కొన్నిలక్షలమంది రెండేండ్ల కొకసారి నడిచివచ్చి తలచుకొను జనశ్రుతిని చరిత్ర చదువువాడు ప్రక్కకు నెట్టరాదు. కోయదొరలకు అడవిలో పులుల నడుమ దొరికిన బిడ్డ సమ్మక్క. ఆమె మేడారమేలు పగిడిద్దరాజును పెండ్లాడెను. వారికి సారలమ్మ, నాగులమ్మ, జంపన్న సంతానము. సారలమ్మ భర్త గోవిందరాజు. పగిడిద్దరాజు ఓరుగంటికి కప్పమిచ్చు సామంతుడు. ప్రతాపరుద్రుని కాలమున వరుసగా కొన్ని యేండ్లు వానలు లేక అడవి యెండిపోయెను. కప్పము చెల్లింపలే నని పగిడిద్దరాజు మనవి చేసికొనెను. ఓరుగంటివారు వినలేదు, ప్రధాని యుగంధరుడు సేనతో వచ్చెను. సంపెంగవాగు దరిని పోరు జరిగెను. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు మడిసిరి. ఓటమిని ఓర్వలేక జంపన్న వాగులో దుమికెను; నాటినుండి సంపెంగవాగు జంపన్నవాగైనది. సమ్మక్క కడవఱకు పోరాడి, వెనుకనుండి తగిలిన బల్లెపుపోటుతో చిలుకలగుట్టవైపు నడచి కనుమఱుగయ్యెను. వెదుకబోయినవారికి గుట్టమీద కుంకుమభరిణ మాత్రము దొరికెను. నేటికిని మాఘమాసమున నాలుగు దినములు జాతర సాగును. కన్నెపల్లినుండి సారలమ్మ వచ్చును, చిలుకలగుట్టనుండి సమ్మక్కను తెత్తురు, పూనుగొండ్లనుండి పగిడిద్దరాజును, కొండాయినుండి గోవిందరాజును తెత్తురు. భక్తులు తమ యెత్తు బెల్లము తూచి గద్దెలకు సమర్పించి దానిని బంగారమందురు.

ఈ కథను నేను సేనలను గూర్చి చదువువాని కన్నులతో చూచినపుడు నాకొక విషయము తోచును. కప్పము కూర్చునది సేనను పోషించుటకు. ఇచ్చట సేన వచ్చినది కప్పమును రాబట్టుటకు. పని తిరుగబడినది. అడవి నెఱిగినవారు, వాగుల దాటుచోట్లు తెలిసినవారు, విల్లు పట్టుట ఉగ్గుబాలతో నేర్చినవారు ఈ కోయవీరులు. ఉత్తరమునుండి వచ్చు సేనకు అడ్డముగా నిలుపుటకు వీరికంటె తగినవారు ఓరుగంటికి దొరకుదురా? కౌటిల్యుడు కట్టకడపట కూర్చుండబెట్టిన ఆటవికబలము ఇదియే. కొల్లకు ఆశపడి వారు తిరుగబడలేదు. కఱవున కప్పమడుగగా తిరుగబడిరి. పాముభయ మని శాస్త్రకారు డన్నది, పాము తలమీద కాలు మోపినవాని భయమే యని మేడారపు కథ మనకు చెప్పుచున్నది. రెండువందల యేండ్ల పిమ్మట శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుచు, అడవిజాతులవారిని కోపముతో రూపుమాపుట సాధ్యము కాదనియు, నమ్మికచేతను ఈవిచేతను వారిని తనవారినిగా చేసికొనవలెననియు హితవు పలికినాడు. ఆ హితవు వెనుక ఇట్టి యనుభవములు ఎన్నియున్నవో!

ఆపద రానే వచ్చినది. తొలుత వచ్చిన ఉలుఘ్‌ఖాను ఓరుగంటిని పట్టలేక దేవగిరికి మరలెను. గండము గడచెనని ఓరుగంటివారు తలచిరి. పోరునకు కూడిన బలములు ఎవరి స్థలములకు వారు పోయిరి. కొలది నెలలలోనే ఉలుఘ్‌ఖాను కొత్తసేనతో మరలవచ్చెను. 1323లో కోట పడిపోయినది. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి పోవుచు నర్మదాతీరమున దేహము చాలించెనని విలసతామ్రశాసనము చెప్పుచున్నది. ఆపద్బలమునకు స్వభావసిద్ధమైన లోప మొకటి ఇచ్చట తేటపడుచున్నది. అది కూడుటకు కాలము పట్టును, చెదరుటకు కాలము పట్టదు. శత్రువు ఆ నడుమనున్న యెడమును చూచి కొట్టును.

అయినను, కోట పడినంతమాత్రమున పాతర ఖాళీ కాలేదు. రాజు లేడు, రాజధాని లేదు. కాని నాయకులు తమ తమ స్థలములయందు బ్రతికియుండిరి. వారిని ముసునూరి ప్రోలయనాయకుడును, ఆతని పిమ్మట కాపయనాయకుడును ఒక్కత్రాటికి తెచ్చిరి. కాపయనాయకుని డెబ్బదియైదుగురు నాయకులు కొలిచిరని 1423 నాటి కలువచేరు శాసనము చెప్పుచున్నది. 1336 ప్రాంతమున ఓరుగల్లు మరల తెలుగునాయకుల చేతికి వచ్చెను. సేన నంతయు ఒక కోటలోనే నిలిపియుంచినచో 1323తోనే కథ ముగిసియుండెడిది. నేలమీద చల్లిన గింజ గనుక మరల మొలచినది.

మొలచిన పైరు ఏమైనదో కూడ చెప్పుట న్యాయము. ఆపద తీఱినంతనే నాయకులు ఎవరికి వారైరి. అద్దంకిలో, కొండవీటిలో రెడ్లు, రాచకొండలో రేచర్లవారు తమ తమ రాజ్యములు పెంచుకొనిరి. 1363లో కాపయనాయకుడు బహమనీలకు గోలకొండను విడువవలసివచ్చెను. కొన్నియేండ్లకు ఆతడు రేచర్లవారితోడి యుద్ధముననే మడిసెను. అందఱకును ఉమ్మడి యాపద యున్నపుడు కలిసిన బలము, ఉమ్మడి మేలు లేనపుడు విడిపోయినది. నాయంకరమును పిమ్మట విజయనగరమువారు గ్రహించి అమరనాయంకరముగా పెంచిరి. నిజాముల కాలమున పాయెగా జాగీర్దారులు భూమిరాబడితో సేనను పోషించుటయందును ఈ సూత్రమే కనబడును.

ఇతరదేశముల మాట రెండు ముక్కలలో చెప్పెదను. నెపోలియను ప్రష్యాను ఓడించి, 1808 నాటి సంధిలో దాని సేన 42 వేలకు మించరాదని కట్టడిచేసెను. ప్రష్యావారు కొందఱికి కొంతకాలము శిక్షణమిచ్చి ఇండ్లకు పంపి, మరల క్రొత్తవారిని చేర్చుకొనుచు, లెక్క మీఱకుండ బలము పెంచుకొనిరి. 1813లో ఆ బలమే నెపోలియను మీదికి లేచినది. ఈ పద్ధతిని పిమ్మట ఐరోపా రాజ్యములు పెక్కు అనుసరించినవి. నాయంకరమునకును దీనికిని ఒక పెద్ద భేదము కలదు. అచ్చట బంటునకు రాజ్యముతో నేరుగా సంబంధము. ఇచ్చట నడుమ నాయకుడు. నడుమనున్నవాడు మంచివాడైనంతవఱకే ఆ సంబంధము మంచిది.

మనదేశమున ఇంగ్లీషువారి కాలమున 1920లో ఇండియన్ టెరిటోరియల్ ఫోర్సు ఏర్పడినది. స్వతంత్రము వచ్చిన పిమ్మట 1948లో చట్టము చేసి టెరిటోరియల్ ఆర్మీని, అనగా ప్రాదేశిక సేనను, నిర్మించిరి. 1949 అక్టోబరు 9వ తేదీన గవర్నరు జనరలు చక్రవర్తుల రాజగోపాలాచారిగారు దానిని ప్రారంభించిరి. ఇందు చేరువారికి వేఱొక జీవనోపాధి యుండవలెను. ఇది వారికి బ్రతుకుతెరువు కాదు. ఏటేట కొంతకాలము శిక్షణము పొంది, తక్కినకాలము తమ పని చేసికొందురు. పిలుపు వచ్చినపుడు నిలుకడ సేనకు తోడుగా పోవుదురు. 1962, 1965, 1971 నాటి యుద్ధములయందు వీరు పాల్గొనిరి. రైల్వేల వంటి శాఖలలో పనిచేయువారితో కూర్చిన దళములును కలవు. సికిందరాబాదున నొక ప్రాదేశిక దళము కలదు. ఈ సేన చేయు పనులలో నాకు మిక్కిలి నచ్చినది మఱియొకటి. 1982లో గఢ్వాలునందు మాజీ సైనికులతో దళ మొకటి కూర్చి, సున్నపురాతి గనులచే బోడియైన మస్సూరీ కొండలమీద చెట్లు నాటించిరి. చెఱువు త్రవ్వించిన నాయకులను తలచుకొన్నచో ఇది మనకు క్రొత్తమాట కాదు. యుద్ధము లేనినాడు నేలను కాచువాడే యుద్ధమునాడు రాజ్యమును కాచును.

కాలము ముగియవచ్చినది. ఆపద్బలమును గూర్చి పెద్ద గ్రంథములు కలవు. అందు సేన లెక్కలు, శిక్షణపు దినములు, ఆయుధముల వివరములు దొరకును. నేను జంపన్నవాగు ఒడ్డున నేర్చినది ఒక్కటే. ఆపదనాడు పిలువదలచినవాని కష్టమును ఆపద రానినాడు విచారింపవలెను. కఱవు నెఱుగని పన్నుతో పోషించిన సేన, పన్నిచ్చువానినే శత్రువును చేయును. రామప్ప చెఱువును చూచి ఆనందించువారు ఇంకకొంత దూరము పోయి ఆ వాగులో కాళ్లు తడిపికొని రావలెనని నా ప్రార్థన. మొదటిది రాజ్యము నిలిచిన తెఱగును చెప్పును. రెండవది అది పడిపోవుటకు గల కారణములలో నొకదానిని చెప్పును. రెండును మనవే.